కరుగుట

కొవ్వొత్తుల షెడ్డులో పనిచేసే ఆవిడ కూతుర్ని ఒక్క మాట కోసం కింది తరగతికి దింపేస్తున్నారట, ఆ మాట తిట్టేం కాదట, ఉత్త సైన్సు మాటేనట అని ఎదురింటి టైలరమ్మ చెప్పిందని అత్త చెప్పింది. కోడలు అప్పుడు వంటింటి గట్టు దగ్గర నిలబడి టిఫిను డబ్బా మూత నొక్కుతోంది. ఒక పక్క నొక్కితే రెండో పక్క లేస్తోంది.

"నాలుగో తరగతి పిల్లట. మూడులో కూర్చోబెడతారట," అంది అత్త బఠానీలు ఒలుస్తూ. "మొద్దు పిల్లేం కాదంటుంది టైలరమ్మ. గౌను కుట్టించుకోడానికొచ్చి, నిరుటికీ ఇప్పటికీ ఎంత పెరిగిందో తనే నోటితో చెప్పిందట. టేపు పెట్టి చూస్తే గుండుసూది మందం తేడా లేదట."

"ఊఁ."

"ఆ పేపరు దిద్దిన మహాతల్లి మన వీధిలోనే ఉంటుందని ఎవరో అన్నారట. ఎవరై ఉంటారు అని నన్నడిగింది."

"మీరేమన్నారు?"

"ఏమో, నేను బయటికెళ్లేదెప్పుడు, నాకేం తెలుస్తుంది అన్నాను." అత్త ఒక బఠానీ నోట్లో వేసుకుని కోడలి వీపు వైపు చూసింది. "నువ్వైతే కాదు కదా?"

మూత పడింది. "బస్సు టైమైంది అత్తయ్యా," అని కోడలు సంచీ తగిలించుకుంది.

బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. సంచీలోంచి ఆ పేపరు తీసి ఒళ్లో పెట్టుకుంది టీచరు. ఇరవై అయిదుకి పద్నాలుగు. పాసు మార్కు పదిహేను. ఏడో ప్రశ్న దగ్గర 'షుగర్ డ్యాష్ ఇన్ వాటర్' అని ఉంది. గీత మీద పిల్ల 'మెల్ట్స్' అని రాసింది. రాసి, ఎందుకో అనుమానమొచ్చి చెరిపి, మళ్లీ అదే రాసింది. చెరిపిన చోట కాగితం నూగు లేచింది. ఆ నూగు మీదుగా ఎర్ర పెన్నుతో అడ్డగీత. ఆ గీత గీసిన చెయ్యి టీచరుదే.

తప్పు తప్పే. ఐసు ఎండకి కరిగితే మెల్ట్ అనాలి, పంచదార నీళ్లలో కరిగితే డిజాల్వ్ అనాలి. ఆ రోజు స్టాఫ్ రూములో నలభై రెండు పేపర్లు ఒళ్లో పెట్టుకుని ఒక్కోదానికి నిమిషం చొప్పున దిద్దింది. ఏడో ప్రశ్నకి సగం మంది డ్యాషుని డ్యాషుగానే వదిలేశారు. ఈ పిల్ల ఏదో ఒకటి రాసింది. మిగతా వాళ్లు వేరే చోట మార్కులు తెచ్చుకుని గట్టెక్కారు. ఈ పిల్లా, ఇంకో ఇద్దరూ ఇవతలే ఉండిపోయారు.

పదిహేను రానివాళ్లు ఇంకోసారి రాయాలి. అప్పుడూ రాకపోతే ఒక తరగతి కిందికి. ఈ ఏడు కొత్తగా వచ్చిన సూపర్‌వైజరు మేడమ్ పెట్టిన రూలు అది. పిల్లలకి ఇంగ్లీషు ఎంత వచ్చో సైన్సు మాటల్లోనే తేలుతుందని ఆవిడ నమ్మకం.

గేటు దగ్గర తల్లీ కూతుళ్లిద్దరూ నిలబడి ఉన్నారు. తల్లి దగ్గర వెలిగించని కొవ్వొత్తి వాసన. గోళ్ల అంచుల్లో తెల్లగా మైనం. కూతురు సన్నగా, పొడుగ్గా ఉంటుంది. తల్లి చేసే పనీ, పిల్ల వాటమూ రెండూ కలిపి క్లాసులో 'వత్తి' అని పేరు పెట్టారు. పిల్ల ఆ పేరుకి కోపం తెచ్చుకోదు. పిలిస్తే పలుకుతుంది.

"టీచరుగారూ, పనికెళ్తూ వచ్చానండీ," అంది తల్లి. "ఆలస్యమైతే మేస్త్రి ఊరుకోడు, గబగబా అడిగేస్తాను. మా పిల్ల ఏం తప్పు రాసింది?"

"పంచదార నీళ్లలో వేస్తే ఏమవుతుంది అని అడిగామమ్మా. కరుగుతుంది అని రాసింది."

"కరగదా అండీ?"

"కరుగుతుంది."

"మరి?"

"ఇంగ్లీషులో ఆ కరగడం వేరు, ఈ కరగడం వేరు. రెండింటికీ రెండు మాటలున్నాయి."

"ఆ సంగతి పిల్లకి తెలుసా?"

"మాటల పట్టిక రాయించానమ్మా. పన్నెండు మాటలకి అర్థాలు. నోటు పుస్తకంలో ఉంటుంది చూడండి."

వత్తి అప్పటికే ఆ పేజీ తీసి పట్టుకుంది. టీచరు బోర్డు మీద రాసింది రాసినట్టు ఎక్కించుకున్న పట్టిక. అయిదో మాట మెల్ట్, ఎదురుగా 'కరుగుట'. పదకొండో మాట డిజాల్వ్, ఎదురుగా 'కరుగుట'. కింద ఎర్ర టిక్కు, తేదీ, టీచరు పొడి అక్షరాల సంతకం.

పిల్ల వేలు పెట్టి చూపించలేదు. పేజీ గాలికి మడతపడకుండా రెండు చేతులతో పట్టుకుంది, అంతే.

తల్లి వంగి చదివింది. ఇంగ్లీషు మాటల వైపు పోలేదు, ఎదురుగా ఉన్న అర్థాలు మాత్రం పెదాలు కదుపుతూ చదువుకుంది. "రెండింటికీ కరుగుట అనే ఉందండీ," అంది. గొంతులో నిష్ఠూరమేం లేదు. బట్టల కొట్లో రెండు తానులూ ఒకే రంగులో ఉన్నాయండీ అన్నట్టు అంది.

టీచరు పుస్తకం అందుకుంది. తిరిగి ఇవ్వడం మర్చిపోయింది.

"మూడో తరగతి పన్నెండింటికే వదిలేస్తారు కదండీ," అంది తల్లి. "నాకు అయిదింటిదాకా షెడ్డు. ఇప్పుడైతే నాలుగింటికి వచ్చి ఒక్క గంట గేటు పక్కన కూర్చుంటుంది. లోపలికి రానివ్వరు, మైనం కాగుతుంటుంది కదా, నిరుడు ఒకావిడ పిల్ల చెయ్యి కాలింది. ఇంటి దగ్గర ఇంకెవరూ లేరు. అయిదు గంటలు దీన్నెక్కడ పెట్టుకోను?"

లోపల గంట కొట్టారు. తల్లి కూతురి భుజం మీద తట్టి, ఆ తట్టిన చోట అంటుకున్న మైనప్పొట్టు దులిపి, పరుగులాంటి నడకతో వెళ్లిపోయింది.

హెడ్‌మాస్టరు గదికి వెళ్లే వరండాలో కొత్త బోర్డు ఒకటి వేలాడుతోంది. 'ఇంటి భాష గేటు బయటే' అని. దాన్ని ఇంటి భాషలోనే రాయించారు. ఇంగ్లీషులో రాస్తే తల్లిదండ్రులకి అర్థం కాదని.

హెడ్‌మాస్టరు కళ్లజోడు తుడుచుకుంటూ అంతా విన్నాడు. కష్టమైన మాట ఏది చెవిన పడ్డా ఆయన చెయ్యి కళ్లజోడు మీదికి పోతుంది. అద్దాలు చాలా శుభ్రంగా ఉంటాయి.

"ఆ ఒక్క మార్కు నేను వేసేస్తానండి," అంది టీచరు. "తప్పు నాది."

"మార్కుల పట్టిక పైకి వెళ్లిపోయిందమ్మా."

"తప్పు నాదని రాసిస్తాను."

"తప్పెవరిదని రాయడానికి అందులో గడి లేదు. మార్కు గడి ఒక్కటే ఉంది." ఆయన జోడు పెట్టుకున్నాడు. "శుక్రవారం మళ్లీ రాయిస్తారు. పేపరు సీలు కవర్లో వస్తుంది, మేడమే దిద్దుతారు. ఈలోగా పిల్లకి బాగా చెప్పుకోండి. చెప్పేది మాత్రం ఇంగ్లీషులో. ఈ వారమంతా ఆవిడ మన దగ్గరే ఉంటారు."

*

మంగళవారం రెండో పీరియడ్లో టీచరు ఇంగ్లీషులోనే చెప్పింది. చెబుతూ మధ్యమధ్య తలుపు వైపు చూసింది.

గ్యాస్‌కి ఉదాహరణ అడిగితే క్లాసంతా ఒక్క గొంతుతో "సిలిండర్" అన్నారు. వెనకనుంచి ఒకడు "మా తాతయ్య కడుపులో ఉంది మేడమ్" అన్నాడు. సాలిడ్‌కి ఉదాహరణ అడిగితే ఇంకొకడు లేచి "మా మావయ్య కొత్త బైకు మేడమ్, చాలా సాలిడ్‌గా ఉంటుంది" అన్నాడు. అది తప్పనడానికీ లేదు.

డిజాల్వ్ దగ్గరికొచ్చేసరికి చేతులే దిక్కయ్యాయి. గుప్పిట మూసి, తిప్పి, తెరిచి ఖాళీ అరచెయ్యి చూపించింది. అందరూ అరచేతి వైపు చూశారు. వత్తి చెయ్యెత్తింది.

"మాయమైపోవడమా మేడమ్? అయితే మొన్న నా రబ్బరు డిజాల్వ్ అయింది."

క్లాసు గొల్లుమంది. టీచరు నవ్వలేదు. "నో. షుగర్ ఈజ్ దేర్. యు కెనాట్ సీ," అంది.

"ఎస్ మేడమ్," అంది వత్తి, కూర్చుంటూ. ఆ ఎస్‌లో అర్థమైందన్న ముక్క ఎక్కడా లేదు. ఇంక అడగను లెండి అని ఉంది.

మధ్యాహ్నం స్టాఫ్ రూములో పాత నిఘంటువు తీసింది టీచరు. డిజాల్వ్ దగ్గర నాలుగు అర్థాలున్నాయి. కరుగు, కరిగించు, లీనమగు, రద్దుచేయు. లీనమగు అంటే ధ్యానంలో కూర్చున్నవాళ్లకి, రద్దుచేయు అంటే శాసనసభకి. పంచదారకి మిగిలింది మళ్లీ కరగడమే. పోనీ మెల్ట్‌కి వేరే మాట ఉందా అని వెనక్కి తిప్పింది. పెద్ద తరగతుల పుస్తకాల్లో ద్రవీభవించుట అని ఉంటుంది. అది నాలుగో తరగతి పిల్లలకి చెబితే దానికి మళ్లీ అర్థం చెప్పాలి. ఆ అర్థం కరుగుట.

నిఘంటువు మూసేసింది. నాలుగింటికి బెల్లు కొట్టగానే వత్తి పక్కన నడిచింది.

షెడ్డు గేటు దగ్గర పిల్ల అలవాటుగా మూలనున్న తూకపు రాయి మీద కూర్చుంది. మేస్త్రి టీచర్ని ఎగాదిగా చూశాడు.

"పిల్లకి ప్రవేశం లేదండీ. మీరు వెళ్లొచ్చు. చెప్పులు మాత్రం విప్పకండి, నేల నున్నగా ఉంటుంది, జారితే మళ్లీ నా ప్రాణం మీదికొస్తుంది."

లోపల పొయ్యి మీద నీళ్ల తొట్టి, ఆ నీళ్లలో మైనపు గిన్నె. గిన్నె అంచుకి దారం కట్టి వేలాడదీసిన వేడి కొలిచే గొట్టం. వత్తి తల్లి మైనపు పలక ఒకటి మోకాలికి ఆనించి సుత్తితో నాలుగు దెబ్బలు కొట్టింది. ముక్కల్ని గిన్నెలోకి జారవిడిచింది, పడేస్తే చిందుతుంది. పక్కన అచ్చుల వరుస, ఒక్కో అచ్చు నడుమ నిటారుగా బిగించిన వత్తి. టీచర్ని చూసి ఆవిడ కంగారుపడింది గానీ చెయ్యి ఆపలేదు. ఆపితే పైన పొర కడుతుంది.

"ఏమైందండీ, ఇంకోటేదన్నా తప్పిందా?"

"లేదమ్మా. మీ పని చూద్దామని వచ్చాను."

తెల్లటి ముక్కలు అంచుల దగ్గర మసకబారి, పలచబడి, గిన్నె నిండా నీళ్లలా పరుచుకున్నాయి. "ఇప్పుడిదేమైంది?" అంది టీచరు.

"కరిగింది."

ఆవిడ డబ్బాలోంచి చెంచాడు ఎర్రపొడి తీసి గిన్నెలో రాల్చి పొడుగు గరిటెతో తిప్పింది. ముందు ఎర్రటి తీగలు సాగాయి. తర్వాత తీగల్లేవు, గిన్నెంతా ఒకటే ఎరుపు.

"ఇదీ?"

"ఇదీ కరిగింది," అని తల్లి గరిటె ఆపింది. ఒక్క క్షణం గిన్నెలోకే చూసింది. "ఆఁ, రెండూ ఒకటి కాదులెండి."

"ఎట్లా కాదు?"

"మైనానికి ఇంకోళ్లతో పని లేదు. వేడి తగిలితే తనకి తనే కరుగుతుంది. చల్లారితే మళ్లీ గడ్డే. రంగు అట్లా కాదు. ఉత్త గిన్నెలో వేసి పొద్దుగూకులూ కాచినా మాడుతుంది గానీ కరగదు. దానికి తోడు ఒకళ్లుండాలి. వాళ్లలో పడితేనే కరుగుతుంది. పడ్డాక ఇంక గరిటె పెట్టి ఏరి తియ్యలేం." మళ్లీ తిప్పడం మొదలుపెట్టింది. "కొత్తగా పనిలో చేరినవాళ్లకి మొదటి రోజే చెప్తాం, మైనానికి వేడి, రంగుకి తోడు అని. లేకపోతే రంగు ముందేసి గిన్నె మాడ్చి కూర్చుంటారు."

"పంచదారకి?"

"తోడే. చల్లనీళ్లయినా కరుగుతుందిగా, కాస్త ఆలస్యం. వేడెందుకు దానికి?"

టీచరు సంచీలో పెన్ను కోసం వెతికింది. కాగితం దొరకలేదు. బస్సు టికెట్టు వెనక వేడి, తోడు అని రెండు మాటలు రాసుకుంది. తల్లి అది చూసి, ఇందులో రాసుకోడానికేముందన్నట్టు నవ్వు ఆపుకుంది.

బయటికొస్తుంటే మేస్త్రి అన్నాడు, "మీ బళ్లో కొవ్వొత్తులు కూడా నేర్పిస్తున్నారా ఏంటి?"

*

బుధవారం టీచరు సగం కొవ్వొత్తి, అగ్గిపెట్టె, గాజు గ్లాసు, పొట్లంలో పంచదార తెచ్చింది. క్లాసులోకి రాగానే తలుపు మూసింది. ఎండాకాలంలో కూడా మూయని తలుపు అది. కింద గచ్చుకి రాసుకుని కిర్రుమంది. పిల్లలు పుస్తకాలు తియ్యడం మానేసి చూశారు.

"ముందుకి రండి. చప్పుడు చెయ్యకుండా," అంది ఇంటి భాషలో.

నలభై రెండు మందీ బల్ల చుట్టూ మూగారు. కొవ్వొత్తి వెలిగించింది. చుక్క జారి బల్ల మీద పడి తెల్లగా గట్టిపడింది. గ్లాసు నీళ్లలో పంచదార వేసి తిప్పింది. వేడి, తోడు అని బోర్డు మీద రెండు గళ్లు గీసి, ఎవరు ఎవరితో కరుగుతారో చెప్పమంది.

"ఐసు?"

"వేడి."

"ఉప్పు?"

"తోడు."

"వెన్న?"

"వేడి." "సబ్బు?" అని వాళ్లే అడిగి వాళ్లే "తోడు" అన్నారు. ఒకడు "మా అన్నయ్య" అన్నాడు, "పక్కింటి అక్కని చూస్తే" అన్నాడు. టీచరు వాడి నెత్తిన మొట్టి, చాక్లెట్టు నోట్లో వేసుకుంటే ఏంటి అంది. అక్కడ గొడవ మొదలైంది. సగం మంది వేడి అన్నారు, సగం మంది ఉమ్ము తోడు అన్నారు. గుసగుసగా మొదలైన గొడవ గొంతులు పెంచుకుంది.

"రెండూ మేడమ్," అంది వత్తి. అందరూ ఆగారు. "అందులో వెన్నలాంటిది నోటి వేడికి కరుగుతుంది. అందులో పంచదార ఉమ్ములో కరుగుతుంది. ఒకేసారి రెండు కరగడాలు."

టీచరు సుద్దముక్క అందుకుంది. ఆ జవాబు పుస్తకంలో లేదు, తనకీ తట్టలేదు. "ఇప్పుడు చూడండి," అని వేడి పైన మెల్ట్ అనీ, తోడు పైన డిజాల్వ్ అనీ రాసింది. "ఇంగ్లీషు వాళ్లు ఈ కరగడానికి ఈ పేరూ, ఆ కరగడానికి ఆ పేరూ పెట్టుకున్నారు. మనం రెండింటినీ ఒకే పేరుతో పిలుచుకుంటున్నాం. పేరొకటైనా మనుషులిద్దరు. అర్థమైందా?"

"అయింది మేడమ్," అన్నారు. 'ఎస్ మేడమ్' అనలేదు.

తలుపు కిర్రుమంది.

సూపర్‌వైజరు మేడమ్ గుమ్మంలో నిలబడి ఉంది. చంకలో నల్ల అట్ట పుస్తకం. ఆవిడ చూపు కొవ్వొత్తి మీదికి, బోర్డు మీదున్న ఇంటి భాష మాటల మీదికి, మూసి ఉండిన తలుపు మీదికి వరసగా పోయింది. పిల్లలు నీళ్లు చల్లిన చీమల్లా ఎవరి బెంచీకి వాళ్లు చెదిరిపోయారు. కొవ్వొత్తి ఆర్పాలని ఎవరికీ తోచలేదు.

వరండాలో ఆవిడ మాట్లాడింది. బడి లోపల ఆవిడ ఎవరితో అయినా ఇంగ్లీషులోనే మాట్లాడుతుంది, ఆయాతో కూడా. గొంతు పెంచలేదు. నేనూ ఇలాంటి బళ్లోనే చదివాను అంది. అన్నీ మన మాటల్లో అర్థం చేసుకుని కాలేజీకి వెళ్లి, అక్కడ జవాబు తెలిసీ మాట రాక మూడేళ్లు వెనక బెంచీలో నోరు మూసుకుని కూర్చున్నాను అంది. ఆ కూర్చోడం ఎలా ఉంటుందో మీకు తెలుసా అని అడిగింది. టీచరుకి తెలుసు. తెలుసని చెప్పడానికి ఇంగ్లీషులో వాక్యం కూర్చుకునేలోపు ఆవిడ నల్ల పుస్తకం తెరిచింది. తలుపు మూసి ఇంటి భాషలో పాఠం చెప్పారు అని రాసి, సంతకం చెయ్యమని పెన్ను ఇచ్చింది. ఇలాంటి రాత ఇంకొకటి పడితే వచ్చే ఏడు ఉద్యోగం సంగతి తన చేతిలో ఉండదంది.

టీచరు సంతకం చేసింది. పట్టిక కింద చేసినట్టే, పొడి అక్షరాలు, తేదీ.

గురువారం సాయంత్రం ఇంటికొచ్చేసరికి అత్త గుమ్మంలోనే ఎదురైంది. "టైలరమ్మ చెప్పింది," అని మొదలుపెట్టింది. "మొన్న నువ్వు కొవ్వొత్తుల షెడ్డుకెళ్లావట."

"వెళ్లాను."

"ఆ మహాతల్లివి నువ్వేనన్నమాట."

"నేనే అత్తయ్యా."

"ముందే చెప్పి ఏడవొచ్చుగా," అంది అత్త. "టైలరమ్మ దగ్గర కాస్త సర్దేదాన్ని. దిద్దినావిడ కళ్లు నెత్తికెక్కి ఉంటాయని నేను కూడా ఓ మాట వేసొచ్చాను." కోడలి చేతిలో సంచీ అందుకుని, "రేపేనా పరీక్ష?" అని అడిగింది.

*

శుక్రవారం పదకొండింటికి ముగ్గురు పిల్లల చేతా రాయించారు. పన్నెండింటికి హెడ్‌మాస్టరు గదిలో దిద్దడానికి కూర్చుంది మేడమ్. మిగతా ఇద్దరూ పదహారు, పదిహేడు తెచ్చుకుని బయటపడ్డారు. వాళ్లు వరండాలో పరిగెత్తిన చప్పుడు గదిలోకి వినిపించింది.

వత్తి బల్లకి ఇవతల చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది. తల్లి మేస్త్రిని బతిమాలి గంట అనుమతి తెచ్చుకుంది. లోపలికి రమ్మన్నా రాకుండా గుమ్మానికి ఆనుకుని నిలబడింది. పనిబట్టల్లోనే ఉంది. ముంజేతి మీద ఎర్ర మైనపు చుక్క ఎండి ఉంది.

టీచరు కిటికీ పక్కనుంచి ఎర్ర పెన్నునే చూస్తోంది. మేడమ్ ఎడం చేతి కింద జవాబుల కీ కాగితం పెట్టుకుని, దాంట్లో ఒకసారి, పేపర్లో ఒకసారి చూసుకుంటూ దిద్దుతోంది. టిక్కు. టిక్కు. అడ్డగీత. టిక్కు. తొమ్మిదో ప్రశ్న 'సాల్ట్ డ్యాష్ ఇన్ వాటర్'. టీచరు గుండె తేలికపడింది. అంత దూరంనుంచి కూడా కనబడుతోంది, పిల్ల 'డిజాల్వ్స్' అని ఒత్తి ఒత్తి రాసింది. రెండు ఎస్‌లు పక్కపక్కన పడాల్సిన చోట రెండూ పడ్డాయి. చెరిపిన గుర్తు లేదు.

పెన్ను ఆగి, కీ వైపు వెళ్లి, వెనక్కొచ్చి అడ్డంగా గీసింది.

చివరికి మేడమ్ కూడిక వేసింది. రెండుసార్లు వేసింది. "ఫోర్టీన్," అంది.

హెడ్‌మాస్టరు చెయ్యి కళ్లజోడు మీదికి పోయింది. గుమ్మంలో తల్లికి ఆ అంకె అర్థమైంది. పిల్ల వైపు చూసింది. పిల్ల పేపరు వైపు చూస్తోంది.

"మేడమ్, తొమ్మిదోది రైటండి," అంది టీచరు. ఇంటి భాషలోనే వచ్చేసింది.

మేడమ్ కీ కాగితం తిప్పి ఆవిడకి కనిపించేలా పెట్టింది. తొమ్మిదో అంకె ఎదురుగా టైపు చేసి ఉంది. మెల్ట్స్.

"కీ తప్పండి."

ఈ కీ ఇరవై స్కూళ్లకి వెళ్లింది అంది మేడమ్ ఇంగ్లీషులో. ఇరవై స్కూళ్లలో పిల్లలు మెల్ట్స్ అని రాసి మార్కు తెచ్చుకున్నారు. ఒక్క పిల్ల కోసం వాళ్లందరిదీ తప్పని తేల్చమంటారా అంది.

టీచరు సంచీలోంచి మొదటి పేపరు తీసి రెండో పేపరు పక్కన పెట్టింది. దాని పక్కన నోటు పుస్తకం తెరిచి పెట్టింది. సోమవారం నుంచీ అది తన దగ్గరే ఉండిపోయింది.

"పోయినసారి మెల్ట్స్ అని రాస్తే నేను కొట్టేశాను. రెండు మాటలకీ ఒకే అర్థం రాయించింది కూడా నేనే. ఇదిగో నా సంతకం. మొదటి తప్పు నాదండి. ఆ పిల్ల తన తప్పు దిద్దుకుని వచ్చింది."

నల్ల అట్ట పుస్తకం బల్ల మీదే ఉంది. మేడమ్ దాన్ని తెరవలేదు. మొదటి పేపర్లో నూగు లేచిన చోటు చాలాసేపు చూసింది. కీ కాగితం అడుగున, తయారుచేసినవారు అన్న చోట, ఒక సంతకం ఉంది. నల్ల పుస్తకంలో మేడమ్ రోజూ పెట్టే సంతకమే. బల్ల చుట్టూ ఉన్న ముగ్గురు పెద్దవాళ్లకీ అది కనబడుతోంది. ముగ్గురూ దాని మీదనుంచి చూపు తప్పించుకున్నారు.

"పోనీ గ్రేసు కింద ఒక మార్కు..." అన్నాడు హెడ్‌మాస్టరు.

"రూల్లో గ్రేసు లేదు." ఆవిడ మొదటి పేపర్ని ఒక వేలితో పక్కకి జరిపింది. "అది మీరు పెట్టిన పేపరు. ఇది మేం పెట్టిన పేపరు. ఏ పేపరుకి ఆ కీ. దీంతో దానికి పోలికేంటి?"

ఆ మాటలన్నీ ఇంటి భాషలో వచ్చాయని ఆవిడ గమనించినట్టు లేదు. హెడ్‌మాస్టరు గమనించి వరండా బోర్డున్న వైపు చూసి మళ్లీ తల దించుకున్నాడు.

గుమ్మంలో తల్లి ముంజేతి మీద మైనపు చుక్కని గోటితో గీకుతోంది. అది పెచ్చుగా లేచింది. కింద పడెయ్యకుండా గుప్పిట్లో పెట్టుకుంది.

మేడమ్ పెన్ను మూత పెట్టింది. తీసింది. మార్కు గడి మీద పద్నాలుగు ఇంకా వెయ్యలేదు. కుర్చీలో ముందుకి వంగి పిల్ల కళ్లలోకి చూసింది. ఈసారి గొంతులో వరండా గొంతు లేదు, చంటిపిల్లల్ని దగ్గరికి పిలిచే గొంతు.

"ఇటు రా తల్లీ. భయపడకు. రాసింది వదిలెయ్, నోటితో చెప్పు, సరిగ్గా చెబితే ఆ మార్కు ఇప్పుడే వేసేస్తాను. ఉప్పు నీళ్లలో వేస్తే ఏమవుతుంది?"

వత్తి ఒక అడుగు ముందుకేసింది. బల్ల మీద పక్కపక్కనున్న రెండు పేపర్లనీ చూసింది. టీచరు వైపు చూసింది. మేడమ్ వైపు చూసింది.

"ఏ పేపరుకి చెప్పమంటారు మేడమ్?"